వారం మధ్యలో మందిరం తలుపు తీసి ఉంచండి: నెల్లూరు, ప్రకాశం జిల్లాల సంఘ కాపరులకు, పెద్దలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పాస్టరు గార్లకు, సంఘ పెద్దలకు, డీకన్లకు ప్రభువు నామమున వందనాలు.

కందుకూరు వైపు ఒక పల్లె సంఘంలో స్త్రీల సమాజం పని చూసుకునే విశ్వాసురాలిని. మా ఇళ్లలో సోమవారం నుంచి శనివారం దాకా దేవునితో గడిపే సమయం ఏటికేడు తరిగిపోతోంది. మీరు పూనుకోకపోతే అది తిరిగి రాదని నమ్మి ఈ లేఖ రాస్తున్నాను. మా ఒక్క సంఘానికే సంబంధించిన మాటైతే కమిటీలో చెప్పి ఊరుకునేదాన్ని. సింగరాయకొండ, కావలి, కనిగిరి, కొత్తపట్నం, ఎక్కడ బంధువుల ఇంటికి వెళ్లినా ఇదే కనబడుతోంది కాబట్టి అందరికీ కలిపి రాస్తున్నాను.

ఆదివారం గురించి నాకు ఫిర్యాదు లేదు. మందిరాలు నిండుతున్నాయి. పిల్లలకు సండే స్కూలు ఉంది, పాటల బృందం ఉంది, ఆరాధన మూడు గంటలు సాగుతుంది. మంగళవారం స్త్రీల కూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం యవ్వనస్థుల కూడిక, ఏడాదికోసారి మూడు రోజుల ఉజ్జీవ సభలు. డిసెంబరు వస్తే సెమీ క్రిస్మస్‌లు, ఇంటింటికీ కేరల్స్, 31వ తేదీ రాత్రి కూడిక. వీటిలో ఏదీ అక్కరలేదని అనను. అయితే ఇన్ని కూడికలకు వెళ్లివచ్చే కుటుంబాల్లో, రాత్రి అన్నాలు తిన్నాక పది నిమిషాలు కలిసి కూర్చుని, ఒక భాగం చదువుకుని, మోకరించి పడుకునేవి ఎన్ని మిగిలాయి? ఇళ్లు దర్శించేవారు మీరు, మీకే బాగా తెలుసు. మా అమ్మమ్మల కాలంలో దీపం పెట్టాక ఇంటిల్లిపాదీ చాప మీద కూర్చునేవారు. అక్షరం రాని తల్లులు కీర్తనలు కంఠతా పాడేవారు. ఇప్పుడు ప్రార్థన అంటే ఎవరో మైకులో చేస్తే మనం ఆమెన్ చెప్పేది అన్నట్టు తయారైంది. సండే స్కూలులో బహుమతులు తెచ్చుకున్న పిల్లవాడిని ఇంట్లో ప్రార్థన చేయమంటే తల దించుకుంటున్నాడు. దేవునితో సొంతంగా మాట్లాడడం వాడికి ఎవరూ నేర్పలేదు. నాకు నిద్ర పట్టనివ్వని సంగతి ఇది.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ప్రతిరోజూ తెల్లవారుజామున, మళ్లీ సాయంత్రం, మందిరం తలుపు తీసి ఉంచండి. వారంలో ఒక రాత్రి ఏ కూడికా పెట్టకుండా కుటుంబాలకు వదిలేయండి. కూలికి, షిఫ్టుకు వెళ్లేవారు తమ పని గంటల మధ్యనే దేవుణ్ణి ఎలా వెతకాలో ప్రసంగాల్లో నేర్పండి.

తలుపు సంగతి ముందు చెబుతాను. ఈ మాట ఎత్తగానే, ప్రార్థన ఇంట్లో చేసుకోవచ్చు కదా అని అడుగుతారు. ప్రార్థన చేసేటప్పుడు నీ గదిలోకి వెళ్లి తలుపు వేసుకొమ్మని ప్రభువు చెప్పిన మాట మత్తయి సువార్త ఆరో అధ్యాయంలో ఉంది. మా కాలనీ ఇళ్లు మీరు చూశారు. ఒక గది, ముందు చిన్న వరండా. అందులోనే అత్తమామలు, పిల్లలు, బడి సంచులు, బియ్యం డ్రమ్ము, టీవీ. వేసుకోవడానికి తలుపున్న గది ఎక్కడుంది? “స్నానాల గదిలో నిలబడి ప్రార్థన చేసుకుంటాను అక్కా, గడియ ఉన్నది అక్కడే” అని ఒక కోడలు నాతో చెప్పింది. అది విని నేను ఏమీ మాట్లాడలేకపోయాను.

ఇంట్లో తానొక్కతే విశ్వాసి అయిన స్త్రీల కష్టం ఇంకా పెద్దది. ప్రతి సంఘంలోనూ అలాంటివారు ఉన్నారు. భర్త తిట్టడు, ఆదివారం మందిరానికి పంపిస్తాడు కూడా. కానీ ఇంట్లో కళ్లు మూసుకుని కూర్చుంటే అత్తగారి ముఖం మారిపోతుంది. అటువంటి ఆడబిడ్డకు ఊళ్లో తలుపు వేసుకోగలిగిన గది మన మందిరమే. దానికి ఆదివారం మధ్యాహ్నం తాళం పడితే మంగళవారం కూడిక దాకా తీయడం లేదు. కూడికలో పాట ఉంటుంది, వాక్యం ఉంటుంది, సాక్ష్యాలు ఉంటాయి. ఆమెకు కావలసిన అరగంట నిశ్శబ్దం మాత్రం ఉండదు. ఏడవాలంటే పక్కవాళ్లు ఏమైందని అడుగుతారు, మర్నాటికి ఆ కబురు ఊరంతా తిరుగుతుంది.

తాళం ఎందుకు వేస్తున్నారో నాకు తెలుసు. కీబోర్డు, మైకు సెట్టు, స్పీకర్లు, కానుకల పెట్టె. అవి పోతే మళ్లీ కొనే శక్తి పల్లె సంఘాలకు లేదు. వాటిని ఒక పక్క గదిలోనో, ఇనుప బీరువాలోనో పెట్టి ఆ ఒక్కదానికీ తాళం వేసుకోవచ్చు. చాపలూ ఒక బైబిలూ ఉన్న హాలును ఉదయం రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు తెరిచి ఉంచితే పోయేదేమీ లేదు. ఆడవాళ్లు ఒంటరిగా వచ్చి కూర్చుంటే క్షేమమా అని ఒక పెద్దాయన అడిగారు. న్యాయమైన ప్రశ్న. స్త్రీల సమాజం నుంచి ఇద్దరిద్దరు వంతులవారీగా వాకిట్లో కూర్చుంటే సరిపోతుంది. లోపలికి వెళ్లి ఎవరినీ పలకరించకూడదని, ఎందుకు వచ్చావని అడగకూడదని వారికి చెప్పి ఉంచాలి.

రాజుల రెండో గ్రంథం నాలుగో అధ్యాయంలోని షూనేమీయురాలి (షూనేము ఊరి స్త్రీ) మీద ఎన్నో ప్రసంగాలు విన్నాను. ప్రవక్త ఎలీషా ఆ దారిన వస్తూ పోతూ ఉంటాడని ఆమె గమనించింది. భర్తతో మాట్లాడి గోడ మీద చిన్న గది కట్టించి, మంచం, బల్ల, పీట, దీపస్తంభం అమర్చింది. సామాన్లు అంతే. ప్రవక్త వచ్చిన రోజు చూసుకుందాం అనుకోకుండా ముందే చోటు సిద్ధం చేసింది. మనం ఎక్కువగా ఆమె అతిథి మర్యాద దగ్గరే ఆగిపోతాం. తర్వాత ఏం జరిగిందో చూడండి. బిడ్డ ఆమె ఒడిలో చనిపోయాడు. ఆమె కేకలు వేయలేదు. ఆ గదిలోకే తీసుకువెళ్లి, ఆ మంచం మీదే పడుకోబెట్టి, తలుపు వేసి, గాడిదకు గంత కట్టించుకుని ప్రవక్త కోసం బయలుదేరింది. ఆ గదిలోనే ఆ పిల్లవాడు కళ్లు తెరిచాడు. గుండె పగిలిన ఆ పూట ఎటు వెళ్లాలో ఆమె కాళ్లకు తెలుసు. ఏ కష్టమూ లేని రోజుల్లో కట్టిన గది అది. మన ఇళ్లలో మంచి రోజుల్లో ఆ గది కట్టడం లేదు. స్కానింగ్ రిపోర్టు చేతికి వచ్చాక, అప్పులవాడు వాకిట్లో కూర్చున్నాక, అర్ధరాత్రి పాస్టరు గారికి ఫోను చేస్తున్నాం. మీరు పాపం లేచి వస్తున్నారు. కానీ ఆ ఇంటివారు తమంతట తాము దేవుణ్ణి పిలవలేని స్థితిలో ఉండడం మీకు బాధగా లేదా?

మన సంఘాలు ఎలా మొదలయ్యాయో ఇక్కడ గుర్తు చేయాలి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరు వచ్చి పని మొదలుపెట్టాక ఎన్నో ఏళ్లు చెప్పుకోదగ్గ ఫలితం కనబడలేదు. ఈ మిషనును వదిలేద్దామా అని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ జరిగింది. 1854 జనవరి 1న తెల్లవారుతుండగా అదే మిషనుకు చెందిన లైమన్ జ్యూయెట్ దంపతులు, వారితో జూలియా అనే విశ్వాసురాలితో సహా మరో ముగ్గురు విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కి ఆ ప్రాంతం కోసం ప్రార్థించారు. మొత్తం ఐదుగురు. ఆ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని అడిగారు. అలా అడిగిన సేవకుడు, మిషనరీ జాన్ క్లౌ, ఒంగోలు వచ్చి స్థిరపడింది 1866లో. ఆ పన్నెండేళ్ల నిరీక్షణ గురించి మన జూబిలీ సభల్లో ఎవరూ మాట్లాడరు.

మొదటి విశ్వాసుల్లో తాళ్లకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారి. ఆయన 1866లో బాప్తిస్మం పొంది, ఊరూరా తిరిగి తనవారికి సువార్త చెప్పాడు. ఆ రోజుల్లో కొత్త విశ్వాసులకు పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువుల మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. ఆదివారం పనికి రానన్నందుకు ఊరి భూస్వాముల కోపానికి గురయ్యారు, బాధలు పడ్డారు. మనకు తేలికగా దొరికిన ఆదివారం మన ముత్తాతలకు అలా దొరకలేదు.

ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 1878 దాకా ఈ జిల్లాలను పీల్చి పిప్పి చేసింది. క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్లు తవ్వించే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవారికి కూలి చూపించారు. బోధకులే మేస్త్రీలుగా నిలబడ్డారు. కూలీలు అలసట తీర్చుకునే వేళ వారి మధ్య కూర్చుని వాక్యం చెప్పారు. తిండి కోసం మతం పుచ్చుకున్నారనే మాట రాకూడదని కరువు పని నడిచినంత కాలం బాప్తిస్మాలు ఇవ్వలేదు. ఆ తర్వాత 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మనం పిల్లల చేత కూడా వల్లె వేయిస్తాం. నాకైతే అంతకన్నా కాలువ గట్టు మీది ఆ విరామ సమయం గొప్పగా తోస్తుంది. మట్టి తట్ట దించిన చోటికే వాక్యం వెళ్లింది. పని మానుకుని మా దగ్గరికి రండి అని ఆ బోధకులు అనలేదు.

ఈనాటి మట్టి తట్టలు ఎక్కడ ఉన్నాయో చూడండి. రొయ్యల ప్లాంటుకు మా ఆడపిల్లలను ఎక్కించుకునే వ్యాను తెల్లవారకముందే వస్తుంది. రోజంతా నిలబడి, ఐసు నీళ్లలో వేళ్లు తిమ్మిరెక్కేలా తలలు తీసి, పొట్టు ఒలిచి, చీకటి పడ్డాక ఇంటికి చేరతారు. సరుకు ఎక్కువ వస్తే ఆదివారం కూడా పిలుస్తారు. వెళ్లకపోతే మర్నాడు పని ఉంటుందో ఉండదో తెలియదు. రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉండే మగవాళ్లకు రాత్రే పగలు. తెల్లవారుజామున నీళ్లలో ప్రాణవాయువు పడిపోతుంది కాబట్టి నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు ఆగకుండా చూసుకుంటూ మేలుకుని ఉండాలి. పొగాకు కాలంలో, ఆకును వేడి మీద ఆరబెట్టే బ్యారన్‌లో ఆకు ఎక్కించాక మంట ఎక్కువ తక్కువ కాకుండా రాత్రింబగళ్లు ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. కనిగిరి, మార్కాపురం వైపు నుంచి ఎందరో భవన నిర్మాణ పనులకు హైదరాబాదు వెళ్లి, పండగకు గాని ఇల్లు చూడరు. మన విశ్వాసులు వీళ్లే. వీళ్లు మందిరానికి రాలేదని వేదిక మీద నుంచి పేర్లు చదివే సంఘాలు ఉన్నాయి. దయచేసి ఆ పని ఆపండి. నెల తర్వాత ఒక ఆదివారం సెలవు దొరికి, తలకు నూనె రాసుకుని, ఉన్న చీరల్లో మంచిది కట్టుకుని వచ్చిన మనిషికి ఎదురయ్యే మొదటి మాట అది కాకూడదు.

ఎడతెగక ప్రార్థించమని పౌలు థెస్సలొనీక సంఘానికి రాశాడు. పని మానుకుని కూర్చున్నవారికి చెప్పిన మాటలా దాన్ని బోధిస్తున్నారు. అదే పత్రికలో, రెండో అధ్యాయంలో, ఎవరికీ భారం కాకూడదని తాను రాత్రింబగళ్లు కష్టపడి పని చేశానని ఆయన గుర్తు చేశాడు. నాలుగో అధ్యాయంలో మీ చేతులతో పని చేసుకోండని చెప్పాడు. డేరాలు కుట్టి బతికినవాడు, సూది పట్టుకున్న చేతులతోనే ప్రార్థన ఎరిగినవాడు ఆ మాట రాశాడు. ఈ కోణంలో ఒక్క ప్రసంగం చేయండి. ప్లాంటులో నిలబడే పిల్లలు ఎలా తల ఎత్తి వింటారో మీరే చూస్తారు.

చిన్న ప్రార్థనలు నేర్పండి. నెహెమ్యా రాజుకు ద్రాక్షారసం అందించే ఉద్యోగి. నీకేం కావాలని రాజు అడిగాడు. జవాబు చెప్పేలోగా ఆయన ఆకాశమందలి దేవునికి ప్రార్థన చేశాడు. రాజు ఎదుట నిలబడి, కళ్లు మూయకుండా, ఒకటి రెండు క్షణాల్లో. పన్నులు వసూలు చేసే సుంకరి దేవాలయంలో అన్నది ఒక్క వాక్యం, దేవా, పాపినైన నన్ను కరుణించమని. ప్రభువు ఆ ఒక్క వాక్యాన్నే మెచ్చుకున్నాడు. చదువు రాని కూలి మనిషి ఇవి నోటికి పట్టుకోగలదు. రొయ్య రొయ్యకూ ఒకసారి తలుచుకోగలదు. అరగంట ధారాళంగా ప్రార్థించగలిగినవారే ఆత్మీయులు అన్న అభిప్రాయం మన కూడికల్లో బలపడిపోయింది. మాటలు రానివారు, మాట తడబడేవారు ఆ మాటకారితనాన్ని చూసి, మనవల్ల కాదని వెనక్కి తగ్గుతున్నారు. చెరువు గట్టు మీద మేలుకున్న కాపలా మనిషికి మార్కు సువార్త మొదటి అధ్యాయం చెప్పండి. ప్రభువు ఇంకా చీకటి ఉండగానే లేచి, ఎవరూ లేని చోటికి వెళ్లి ప్రార్థించాడు. ఆ గంటకు గట్టు మీద ఉన్నది అతడొక్కడే. సంఘంలో అందరికన్నా నిశ్శబ్దం దొరికినవాడు అతడే. ఆ సంగతి అతనికి ఎవరైనా చెప్పారా?

ఖాళీ రాత్రి గురించి. బుధవారమో గురువారమో, మీకు వీలైన రోజు. ఆ రాత్రి మందిరంలో ఏమీ ఉండదని, ప్రతి ఇంట్లో కుటుంబ ప్రార్థన ఉంటుందని ఆదివారమే ప్రకటించండి. దానికి ప్రసంగం అక్కరలేదు, అతిథులు అక్కరలేదు, వచ్చినవారికి భోజనం పెట్టాలన్న ఖర్చు అక్కరలేదు. ఇంట్లో అక్షరాలు వచ్చిన పిల్లవాడు సువార్త నుంచి ఒక చిన్న భాగం చదువుతాడు. నానమ్మ తనకు వచ్చిన కీర్తన పాడుతుంది. ఒక్కొక్కరూ ఆ వారంలో దేవుడు చేసిన ఒక మేలు చెప్పి కృతజ్ఞత చెల్లిస్తారు. పరలోక ప్రార్థనతో ముగిస్తారు. హైదరాబాదులో ఉన్న తండ్రిని ఫోనులో కలుపుకోవచ్చు. మా వీధిలో ఒక ఇంట్లో అలా చేస్తున్నారు. ఆరేళ్ల పాప చదువుతుంటే అటువైపు తండ్రి తప్పులు దిద్దుతుంటాడు. ఆయన సెంట్రింగు పనివాడు, చదివింది అయిదో తరగతి. ఆ బిడ్డకు తండ్రి గొంతు, దేవుని వాక్యం కలిసి ఒకే వేళ వినబడుతున్నాయి. వారు విడిచి విడిచి చదువుకునే ఆ పది నిమిషాలకు నేను ఏ ఉజ్జీవ సభనూ సమానం చేయలేను.

ఏ భాగం చదవాలో, ఏ వాక్యం కంఠతా పట్టాలో ఆదివారం ఆరాధన చివర మీరు చెప్పి, అందరి చేత పలికించండి. వచ్చే ఆదివారం అదే వాక్యం అడగండి. నెల్లూరు, ఒంగోలు హాస్టళ్లలో ఇంటర్ చదివే పిల్లలకు అదే వాక్యం ఫోనులో పంపితే, దూరంగా ఉన్నా ఆ రాత్రి ఇంటివారితో పాటు వారూ పలుకుతారు. పరీక్షలు అయ్యాక దేవుడు అనే అలవాటు తల్లిదండ్రులే వారికి నేర్పుతున్నారు. దాన్ని మీరు గట్టిగా చెప్పాలి, మేము చెబితే వినరు.

ఫోనులో ప్రసంగాల గురించి కూడా ఒక మాట. మంచం పట్టినవారికి, మందిరం దాకా నడవలేని ముసలివారికి అవి దేవుడిచ్చిన మేలు. కానీ వంట చేస్తూ, అంట్లు తోముతూ పొద్దుటి నుంచి రాత్రి దాకా ఎవరో ఒకరి ప్రసంగం మోగుతూనే ఉంటే, ఆ ఇంట్లో దేవునికి ఒక్క మాట చెప్పుకునే సందు ఎక్కడుంటుంది? వినడం చాలని, ఇక మాట్లాడమని చెప్పగలిగింది మీరే.

ఇదంతా మీ మీద ఇంకో భారం మోపడానికి అనుకోకండి. పుట్టినరోజులు, గృహప్రవేశాలు, జ్ఞాపకార్థ కూడికలు, ఆసుపత్రి దర్శనాలు, వీటి మధ్య మీకు ఊపిరి ఆడడం లేదని తెలుసు. ఒక ఊళ్లో కూడిక ముగించుకుని, రాత్రి పదకొండింటికి మోటారు సైకిలు మీద ఇంకో ఊరికి వెళ్లే కాపరులను చూసి పాస్టరమ్మ గార్లు ఎంత దిగులు పడతారో కూడా తెలుసు. మీకు కూడా ఆ ఖాళీ రాత్రి కావాలి. మీ పిల్లలు మిమ్మల్ని వేదిక మీద చూసినంత తరచుగా ఇంటి చాప మీద చూడాలి. ఒకప్పుడు మన మిషను బైబిలు స్త్రీలను ఇంటింటికీ పంపేది. వారు ఆడవాళ్ల దగ్గర కూర్చుని చదువు చెప్పి, వాక్యం, ప్రార్థన నేర్పేవారు. ఆ పనిని సంఘంలోని పెద్ద వయసు తల్లులకు మళ్లీ అప్పగించండి. జీతం అడగరు. సంఘం నమ్మి ఇచ్చిన పని అని మీరు ఆదివారం నలుగురి ముందూ చెప్పి, వారి కోసం ప్రార్థన చేసి పంపితే చాలు.

బ్యారన్లు వెలిగాక మా ఊళ్లలో ఎవరికీ తీరిక ఉండదు. ఆకు కోత మొదలయ్యేలోగా మీ కమిటీ సమావేశంలో ఈ సంగతులు చర్చకు పెట్టండి. అన్నీ ఒక్కసారి కుదరకపోతే ముందు మందిరం తలుపు గురించి నిర్ణయించండి. రెండో తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలి, పక్క గదికి తలుపు పెట్టించడానికి ఎంత ఖర్చవుతుంది అన్నవి తేల్చితే చాలు, ఆ మర్నాటి నుంచే తెరవవచ్చు. ఊడ్చి చాపలు పరచడం, లైటు వేయడం, వంతులవారీగా వాకిట్లో కూర్చోవడం మా సంఘంలో స్త్రీల సమాజం చూసుకుంటుంది. పక్క ఊళ్ల సంఘాలు అడిగితే మొదటి నెల వచ్చి తోడుంటాం.

ప్రభువునందు మీ సహోదరి,
కందుకూరు ప్రాంతపు ఒక సంఘ సభ్యురాలు